ఇటాలియన్ మాటలకు ఇంగ్లీషు అర్థాలు బట్టీ పట్టి దెబ్బ తింటున్నాను, నేరుగా తెలుగులో నేర్చుకున్నవాళ్ళు ఉన్నారా?

పాలకొల్లు_పాదోవా
మా ఆయన ఉద్యోగం వల్ల ఇటలీలో పాదోవా వచ్చి పద్నాలుగు నెలలైంది. వారానికి రెండు రోజులు సి.పి.ఐ.ఎ. క్లాసుకి వెళ్తున్నాను, అంటే పెద్దవాళ్ళకి ఇటాలియన్ నేర్పే సర్కారు బడి. ముందు ముందు ఇక్కడ ఉండటానికి లాంగ్ టర్మ్ పర్మిట్‌కి అప్లై చేయాలంటే భాషలో ఎ2 స్థాయి, అంటే కింది నుంచి రెండో మెట్టు, పాసవ్వాలి కదా, ఆ టెన్షన్ ఒకటి ఉంది. నోట్‌బుక్‌లో నిలువు గీత కొట్టి ఎడమవైపు ఇటాలియన్ మాట, కుడివైపు ఇంగ్లీషు అర్థం రాసుకుని రోజుకి పది చొప్పున బట్టీ పడతాను. ఆరువందలు దాటాయి. బాధేంటంటే ఆ కుడివైపు గడిని నమ్మి నోరు తెరిచినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తేడా కొడుతోంది.

వచ్చిన మొదటి వారంలోనే బాత్రూంలో సి అని రాసి ఉన్న పంపు తిప్పి చెయ్యి పెట్టాను. ఇంగ్లీషు అలవాటులో సి అంటే చన్నీళ్ళే అనుకుంటాం. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. సి అంటే కాల్దో, వేడి. చల్లనిది ఫ్రెద్దో, దానికి ఎఫ్ ఉంటుంది. తర్వాత పై ఇంటి మామ్మగారు "ఇక్కడ పరెంతి ఎవరైనా ఉన్నారా" అని అడిగితే అమ్మానాన్నల గురించి అనుకుని, లేరండీ ఇండియాలో ఉన్నారు అన్నాను. పరెంతి అంటే చుట్టాలట! మా మరిది వాళ్ళు మిలాన్‌లోనే ఉంటారు. క్రిస్మస్‌కి వాళ్ళు దిగేసరికి మామ్మగారు నాకేసి అదోలా చూశారు. అబద్ధం చెప్పాననుకున్నారేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు. అమ్మానాన్నలంటే జెనితోరి.

పోయిన ఆదివారం ఇంకోటి. మామ్మగారు "నా నిపోతె వస్తున్నాడు, మీరూ కాఫీకి రండి" అన్నారు. నా నోట్‌బుక్‌లో నిపోతె అంటే నెఫ్యూ అని ఉంది. ఎనభై ఏళ్ళావిడ నెఫ్యూ అంటే మా నాన్నగారి ఈడు మనిషి అయ్యుంటాడని మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక వైన్ సీసా కూడా కొన్నారు. తీరా చూస్తే నాలుగేళ్ళ పిల్లాడు. మనవడు!

అసలు ఇటాలియన్ నుంచి నేరుగా తెలుగులోకి నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పదాల పట్టిక ఉంటే పెట్టండి. ఈ ఇంగ్లీషు మధ్యవర్తిత్వం నాకు కలిసి రావట్లేదు.

తొరినో_తమ్ముడు
అక్కా, నిపోతె దగ్గర అందరూ పడతారు. మనవడు, మనవరాలు, మేనల్లుడు, మేనకోడలు, అన్న కొడుకు, అక్క కూతురు, అందరికీ అదొక్కటే మాట. సందర్భం చూసి తెలుసుకోవాలి. పరెంతి లాంటివాటిని వాళ్ళు ఫాల్సి అమీచి అంటారు, దొంగ స్నేహితులు. ముఖం ఇంగ్లీషులా ఉంటుంది, మనసు వేరు. నేను వచ్చిన ఏడాది గోడకి అంటించుకున్నవి:

లిబ్రెరీయా, లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు (ఇంట్లో పుస్తకాల బీరువాని కూడా అంటారు). లైబ్రరీ అంటే బిబ్లియోతేకా. ఫత్తొరీయా, ఫ్యాక్టరీ కాదు, పశువులూ పంటా ఉండే పొలం ఇల్లు. ఫాబ్రికా అంటే ఫ్యాక్టరీ, బట్ట కాదు. పతెంతె అంటే డ్రైవింగ్ లైసెన్సు. రుమోరె అంటే పుకారు కాదు, చప్పుడు. ఫామె అంటే కీర్తి కాదు, ఆకలి. ఎస్తాతె అంటే ఆస్తి కాదు, ఎండాకాలం. మోర్బిదో అంటే మెత్తన, రొట్టె గురించి కూడా అంటారు, భయపడకండి.

బెజవాడ_బిర్యానీ
లాత్తె మర్చిపోయావు తమ్ముడూ. కాఫీ షాపులో మన దగ్గరి అలవాటులో ఒక లాటే అని అడిగితే అక్కడ గ్లాసుడు పాలు పెడతారు. వాళ్ళ భాషలో లాత్తె అంటే పాలు, అంతే. కాఫీ కావాలంటే కాఫ్ఫెలాత్తె అనో లాత్తె మాక్యాతో అనో చెప్పాలి. మాక్యాతో అంటే మరక పడినది. పాలకి కాఫీ మరక.

ఎక్సెల్_షీటు
పాలకొల్లు గారు, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. ఇంగ్లీషుని మధ్యలోంచి తీసేస్తే నష్టం మనకే. ఇంగ్లీషులో షన్ అని ముగిసే మాటల్లో చాలావాటికి చివర ౘియోనె (త్సియోనె అని పలకాలి) తగిలిస్తే ఇటాలియన్ అయిపోతుంది. నౘియోనె, స్తౘియోనె, సితువౘియోనె, ఇన్ఫొర్మౘియోనె. టీ అని ముగిసేవాటికి తా, యూనివర్సిటీ ఉనివెర్సితా, క్వాలిటీ క్వలితా. లీ అని ముగిసేవాటికి మెంతె. ఒక్క సాయంత్రంలో కొన్ని వందల మాటలు ఊరికే వచ్చేస్తాయి. వీటన్నింటికీ పరిస్థితి, సమాచారం, నాణ్యత అని తెలుగులో రాసుకుంటూ కూర్చుంటే ఎ2 కాదు కదా ఎ1 కూడా అవ్వదు. దొంగ స్నేహితులు మహా అయితే ఓ వంద ఉంటారు, ఆ వందా విడిగా గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

పాలకొల్లు_పాదోవా
ఎక్సెల్ గారు, ఆ వందే రోజూ వాడేవి అయినప్పుడు? ఎదుకౘియోనె చూడండి. మా బాబు బడిలో టీచర్ "మీ అబ్బాయి చాలా ఎదుకాతో" అన్నారు. అయిదేళ్ళ పిల్లాడు ఎడ్యుకేటెడ్ ఏంటని ఇంటికొచ్చే దాకా ఆలోచించాను. మర్యాద తెలిసినవాడు, బుద్ధిమంతుడు అని. చదువు కాదు, పెంపకం. ఆవిడ నా పెంపకాన్ని మెచ్చుకున్నారు, నేను థాంక్యూ కూడా సరిగ్గా చెప్పకుండా వచ్చేశాను.

కమ్రా_హైదరాబాదీ
కామెరా అంటే ఇటాలియన్‌లో గది. నాకు ఇది ఒక్క సెకనులో ఎక్కింది, ఎందుకంటే మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ గదిని కమ్రా అనే అంటాం. అనుకోకుండా కలిసిన మాట కాదిది, రెండూ ఒకే ఇంటి పిల్లలు. లాటిన్‌లో కామెరా, అది పోర్చుగీసులోకి వెళ్ళింది, పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మన తీరానికి తెచ్చారు, హిందీ ఉర్దూల్లో కమ్రా అయింది. ఫొటో తీసే కెమెరా కూడా అదే గదే. కామెరా అబ్‌స్క్యూరా, చీకటి గది. గోడకి చిన్న చిల్లు పెడితే బయటి దృశ్యం లోపలి గోడ మీద తలకిందులుగా పడుతుంది కదా, ఆ గదినే చిన్న పెట్టె చేసి పేరులో గదిని ఉంచి చీకటిని వదిలేశారు. హోటల్‌లో కామెరా అడిగితే గది ఇస్తారు. ఫొటోలు తీసేది కావాలంటే మాక్కినా ఫొతొగ్రాఫికా అనాలి.

తెలుగు_మేష్టారు
కమ్రా గారు బాగా చెప్పారు. అదే దారిలో ఇంకొకటి. పాలకొల్లు అమ్మాయి వాళ్ళ బాబు బడిలో టీచర్ని ఏమని పిలుస్తాడు? మాయెస్త్రా అనే కదా. లాటిన్ మాగిస్తెర్ నుంచి ఇటాలియన్‌లో మాయెస్త్రో, మాయెస్త్రా వచ్చాయి. అదే మాట పోర్చుగీసులో మెస్త్రె అయి మన దగ్గర తాపీ మేస్త్రి, కుట్టు మేస్త్రి అయింది. ఇంగ్లీషులో మాస్టర్ అయి మన బళ్ళో మాస్టారు అయింది. మా ఊళ్ళో ఇల్లు కట్టినాయన, నాకు ఓనమాలు దిద్దించినాయన, మిలాన్‌లో ఆర్కెస్ట్రా నడిపేవాడు, ముగ్గురినీ ఒకే బిరుదుతో పిలుస్తున్నాం. నలభై ఏళ్ళు ఆ మాటతో పిలిపించుకున్నవాణ్ణి, ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

పాలకొల్లు_పాదోవా
అవును మేష్టారూ, మాయెస్త్రా అనే పిలుస్తాడు! ఇది మా అత్తగారికి చెప్తాను ఈ రాత్రికి.

వార్డు_నం_4
నేను జెనోవాలో నర్సుని. ఆస్పత్రి మాటలు చూడండి, ఇన్‌ఫ్లుయెంజా వాళ్ళ మాటే. నక్షత్రాల ప్రభావం వల్ల జబ్బు వస్తుందనుకునేవాళ్ళు, ప్రభావాన్నే జబ్బు పేరు చేశారు. క్వారంటైన్ కూడా వెనిస్ వైపు మాట, నలభై రోజులు అని అర్థం. ప్లేగు కాలంలో ఓడల్ని రేవులో అన్నాళ్ళు ఆపేసేవాళ్ళు. మలేరియా అంటే మాల ఆరియా, చెడ్డ గాలి. బురద నేలల మీది గాలి వల్ల జ్వరం వస్తుందని నమ్మిన రోజుల మాట.

ఆ చెడ్డ గాలి కథకి తెర దించింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, బేగంపేట పక్కన ఆ భవనం ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది ఇటలీలో జొవాన్ని బత్తీస్తా గ్రాస్సి మనుషులకి దాన్ని అంటించేది అనాఫిలిస్ దోమ అని తేల్చాడు. ఇద్దరికీ ఘనత ఎవరిదని పెద్ద గొడవే అయింది. పేరు మాత్రం మారలేదు, ఈ రోజుకీ ఇక్కడ రిపోర్టులో చెడ్డ గాలి అనే రాస్తాం.

మిర్యాలగూడ_మిరప
వార్డు అక్కా సూపర్. నాది తిండి గోలే. పెప్పరోని పిజ్జా అని మన దగ్గర తిన్న అలవాటుకి రోమ్‌లో మెనూలో పెపెరోని కనబడగానే అది చూపించా. కూరగాయల పిజ్జా వచ్చింది. పెపెరోని అంటే బెంగుళూరు మిర్చి, మన క్యాప్సికం. కారం సాసేజ్ ముక్కలది కావాలంటే సలామె పిక్కాంతె, లేకపోతే దియావొలా పిజ్జా అడగాలి. దియావొలో అంటే దెయ్యం. కారం తింటే దెయ్యం పట్టినట్టే వాళ్ళకి. నేను మిర్యాలగూడ నుంచి వచ్చాను, ఆ దెయ్యం నాకు ఆనలేదు.

బెజవాడ_బిర్యానీ
బుర్రో అంటే వెన్న అని కూడా రాసుకోండి. స్పానిష్ నేర్చుకున్నవాళ్ళు గాడిద అనుకుంటారు, మనవాళ్ళు బుర్ర అనుకుంటారు.

ఆవకాయ_జాడీ
ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను కానీ ఇంకొకళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అత్తగారు పంపిన ఆవకాయ తీసుకుని మా ఆయన ఆఫీసు వాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళాం. అందరూ రుచి చూస్తుంటే గర్వంగా "ఇందులో ప్రెసెర్వతీవి ఏమీ లేవు, ఏడాది నిలవుంటుంది" అన్నాను. టేబుల్ మీద చెంచాలన్నీ ఆగిపోయాయి. ఆ ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పారు, ప్రెసెర్వతీవి అంటే కండోమ్‌లు అని. నిలవ ఉండటానికి కలిపేవాటిని కొన్సెర్వాంతి అంటారు. ఆవిడ అంత మర్యాదగా చెప్పకపోతే ఆ పూట నేను అక్కడ కూర్చోగలిగేదాన్ని కాదు.

ఎక్సెల్ గారు, ఆ వందలో ఇదీ ఒకటి. దీన్ని తెలుగులో "నిలవకి కలిపేది" అని రాసుకుని ఉంటే ప్రెసెర్వతీవి వైపు నా బుద్ధి పోయేదే కాదు. ఇంగ్లీషు మాట చేతికందేలా ఉంది కాబట్టే దానికి తోక తగిలించేశాను.

ఎక్సెల్_షీటు
ఆవకాయ గారు, ఇది నిజంగా గట్టి పాయింటు. తోక తగిలించే సూత్రం నేనే చెప్పాను కాబట్టి బాధ్యత తీసుకుంటాను. నాకూ ఆఫీసులో ఒకటి జరిగింది. మిలాన్ టీమ్ మేనేజర్ "ఎవెంతువల్మెంతె రేపు మీటింగ్ పెట్టుకుందాం" అని మెసేజ్ పెట్టారు. ఇంగ్లీషు ఈవెంచువల్లీ లెక్కన, ఎట్టకేలకు రేపు మీటింగ్ ఖాయం అనుకుని బెంగుళూరులో రాత్రి ఎనిమిదిన్నర దాకా సీట్లోనే ఉన్నా. ఆ మాటకి అర్థం అవసరమైతే, వీలైతే అని. అలాగే అత్తువల్మెంతె అంటే నిజానికి అని కాదు, ప్రస్తుతం. ప్రెతేందెరె అంటే నటించడం కాదు, పట్టుబట్టి అడగడం.

అయినా సూత్రం పనికిరాదని మాత్రం అనను. స్తౘియోనె దగ్గర దిగినవాళ్ళకి అది రైల్వే స్టేషనే.

తెలుగు_మేష్టారు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ నేను పాలకొల్లు అమ్మాయి పక్షం. మాటల సంగతి పక్కన పెట్టండి, వాక్యం చూడండి. కాఫీ అంటే ఇష్టం అని చెప్పడానికి ఇటాలియన్‌లో "మి పియాచె ఇల్ కాఫ్ఫె". ఇంగ్లీషువాడికి ఇది తలకిందులు, "నేను కాఫీని ఇష్టపడతాను" అనేది వాడి అలవాటు, అందుకని పుస్తకాల్లో దీనికి రెండు పేజీల వివరణ ఉంటుంది. మనకో? "నాకు కాఫీ నచ్చుతుంది". మి అంటే నాకు, పియాచె అంటే నచ్చుతుంది. అయిపోయింది. పుస్తకాలైతే "మి పియాచ్చొనో ఇ లీబ్రి", నాకు పుస్తకాలు నచ్చుతాయి. నచ్చే వస్తువు బహువచనమైతే క్రియ మారుతుంది, మనకీ అంతే. "మి ఫా మాలె లా తేస్తా", నాకు తల నొప్పిగా ఉంది. "మి సెర్వె", నాకు కావాలి. ఈ "నాకు" అనేది మనకి తల్లిపాలతో వచ్చింది. దాన్ని ఇంగ్లీషు "ఐ" చేసుకుని, మళ్ళీ ఇటాలియన్‌లో "నాకు" చేసుకోవడం ఎందుకు? మధ్యలో ఇంగ్లీషుకి కమిషన్ ఇవ్వడం తప్ప.

నేను వెళ్తున్నాను అనకుండా వెళ్తున్నా అంటే చాలు కదా మనకి, వాళ్ళకీ వాదో అంటే చాలు. వేరే నేను అక్కర్లేదు.

తొరినో_తమ్ముడు
మేష్టారి మాటకి నా చేర్పు. ఇంగ్లీషులో ఒక్క మాట దొరకనివి తెలుగులో టక్కున దొరుకుతాయి. నేను రాసుకున్నవి చెప్తా.

దోపోదొమాని = ఎల్లుండి. లాల్త్రో యేరి = మొన్న. ఇంగ్లీషులో ఈ రెండింటికీ నాలుగేసి మాటలు. ఎక్కో = ఇదిగో. ఎక్కొలో = ఇదిగో వచ్చాడు. బో = ఏమో! భుజాలు ఎగరేసి బో అంటారు, అచ్చం మనం ఏమో అన్నట్టే. మేనో మాలె = హమ్మయ్య. మక్కే = అబ్బే. దాయ్ = కానీ, పద. అల్లోరా = అయితే, మరి. ఫిగూరతి = దానిదేముందిలే. ఎలా ఉన్నావంటే ఇన్‌సొమ్మా అన్నారనుకోండి = ఏదో, అలా ఉన్నాం. మగారి కొంచెం కష్టం, "లాటరీ తగిలితే ఇల్లు కొంటావా" అని అడిగితే మగారి అంటారు, అంతకంటేనా, అంత అదృష్టమా అని.

ఈ మాటలకి ఇంగ్లీషు అర్థాలు చదివి ఆరు నెలలైనా నోటికి రాలేదు. ఏమో, హమ్మయ్య, అబ్బే అని రాసుకున్న వారంలో వచ్చేశాయి.

పాలకొల్లు_పాదోవా
తమ్ముడూ ఇదే! ఇలాంటిదే కావాలి నాకు. ఎక్కో అంటే ఇదిగో అని ఎవరూ చెప్పలేదు. నా నోట్‌బుక్‌లో "హియర్ ఈజ్" అని ఉంది, ఎప్పుడు వాడాలో తెలిసేది కాదు.

కమ్రా_హైదరాబాదీ
అందరూ తెలుగు గొప్ప అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. సపేరె, కొనోషెరె రెండింటికీ మనం తెలుసు అనే అంటాం. విషయం తెలిస్తే మొదటిది, మనిషో ఊరో పరిచయమైతే రెండోది. ఇక్కడ ఇంగ్లీషూ ఆదుకోదు, తెలుగూ ఆదుకోదు, మా ఉర్దూ కూడా అంతే. ఇంకా లింగం. చెయ్యి మానో, చివర ఓ ఉన్నా ఆడది, లా మానో. ప్రొబ్లేమా చివర ఆ ఉన్నా మగది, ఇల్ ప్రొబ్లేమా. నోట్‌బుక్‌లో మాట ఒక్కటే రాయకండి, ముందు ఇల్, లో, లా ఏది వస్తుందో కలిపే రాయండి. అది లేకుండా నేర్చుకున్న నాలుగొందల మాటలు నేను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆవకాయ_జాడీ
చుట్టరికాల్లో కూడా ఇటాలియన్ మనకి చాలదు. పెద్దమ్మ, పిన్ని, అత్త అందరూ ౙీయా. కుజీనా అంటే చెల్లెలు అవ్వచ్చు, మరదలూ అవ్వచ్చు. మనింట్లో ఆ రెండింటికీ ఎంత తేడా! మా తమ్ముడు తన మరదల్ని ఇక్కడ ఒకరికి కుజీనా అని పరిచయం చేస్తే, తర్వాత పెళ్ళి కార్డు చూసి వాళ్ళు కంగారు పడ్డారు.

గోదారి_గట్టు
ఉచ్చారణ గురించి ఎవరూ రాయలేదు. నా అసలు బాధ అదీ. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్ని మనం ట, డ పెట్టి పలుకుతాం, ఆ అలవాటుతోనే ఇటాలియన్ కూడా టోరినో, డొమాని అంటాం. వాళ్ళ త, ద మన త, ద లే, నాలిక పళ్ళకి తగలాలి. పాస్తాని పాస్తా అని సరిగ్గానే రాస్తాం, మిగతావి ఎందుకు పాడుచేయడం.

ఒత్తులు ఇంకా ముఖ్యం. గుడికీ గుడ్డికీ తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే తేడా వాళ్ళ భాషలో అడుగడుగునా ఉంది. కాజా ఇల్లు, కాస్సా డబ్బు కట్టే కౌంటరు. కపేల్లో వెంట్రుక, కప్పేల్లో టోపీ. సేతె దాహం, సేత్తె ఏడు. నోనో తొమ్మిదోది, నొన్నో తాతయ్య. వయసు చెప్పేటప్పుడు అన్ని అని ఒత్తు పెట్టి పలకాలి, ఒత్తు తీసి అని అంటే అది మలద్వారం, ముప్పై ఏళ్ళు అనబోయి ఏమంటారో ఆలోచించుకోండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఈ ఒత్తుల దగ్గర చాలా అవస్థ పడతారు. మనకి పుట్టుకతో ఉన్న చెవి ఇది.

ఇక పిజ్జా. అందులో ఉన్నది జ్జ కాదు. పిచ్చుక అనండి, మన పల్లెటూళ్ళలో పలికినట్టు, పళ్ళ సందు నుంచి వచ్చే చ. పిచ్చుకలో ఆ చ్చ ఉంది చూశారా, పిజ్జాలో ఉన్నది అదే. పిౘ్ౘ. పాత తెలుగు పుస్తకాల్లో చ మీద ౨ (రెండు) అంకె గుర్తు పెట్టి ఈ చ ని వేరుగా చూపించేవాళ్ళు. బడిలో అఆఇఈలు నేర్చుకున్నప్పుడు ఞ అని ఒకటి దిద్దాం గుర్తుందా, జీవితంలో విడిగా వాడింది లేదు. లజాఞ్ఞా, బాఞ్ఞో అంటే బాత్రూం, ఞొక్కి, వీటన్నింట్లో ఉన్నది ఆ ఞ యే. మా అమ్మాయికి పలక మీద ఞ రాసి చూపించి పలికించాను, వాళ్ళ టీచర్ ఇంట్లో ఎవరైనా ఇటాలియన్లు ఉన్నారా అని అడిగారట.

తెలుగు_మేష్టారు
గట్టు గారూ, ఞ కి ఉద్యోగం దొరికిందంటే నాకు కళ్ళు చెమర్చాయి. తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అంటారని అందరూ చెప్పుకుంటారు కానీ ఎందుకో ఎక్కువమంది ఆలోచించరు. మాట చివర అచ్చు ఉండాలి, అదీ సంగతి. మనం బస్ ని బస్సు, పెన్ ని పెన్ను చేసుకున్నట్టే వాళ్ళకీ చివర హల్లు ఆగితే తోచదు.

వార్డు_నం_4
చావో గురించి. మా అమ్మ వీడియో కాల్‌లో ఉండగా పక్కన మా రూమ్మేటు ఫోన్ పెట్టేస్తూ చావో చావో అంది. "ఆ పిల్ల ఎవర్ని చావమంటోందే" అని అమ్మ గాభరా పడింది. దాని అసలు అర్థం తెలిస్తే మాత్రం ముచ్చటేస్తుంది. వెనిస్ వాళ్ళ మాటలో స్చావో, మీ దాసుణ్ణి అని. మన దాసోహం లాంటిది అరిగి అరిగి హాయ్, బై అయింది. అందుకే రోగులకి, పెద్దవాళ్ళకి చావో అనకూడదు, చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. బువోన్‌జోర్నో అనాలి, తూ కాకుండా లేయి వాడాలి, మనకి నువ్వు, మీరు లాగా.

మిర్యాలగూడ_మిరప
అక్కా లేయి అంటే ఆవిడ అని కదా? మగవాళ్ళని కూడా ఆవిడ అంటామా?

వార్డు_నం_4
అవును తమ్ముడూ. ఏలినవారు, దొరవారు అన్నట్టు పూర్వం "మీ దొరతనం వారు" అనే మర్యాద మాట ఉండేది, ఆ మాట వాళ్ళ భాషలో స్త్రీలింగం. మాట పోయి ఆవిడ మిగిలింది. ముస్సోలినీ 1938లో లేయి వద్దు, వోయి అనండి అని ఆర్డర్ వేశాడు కానీ ఆయన పోయాక లేయినే నిలిచింది. దక్షిణాన పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ వోయి అంటారు.

తొరినో_తమ్ముడు
ఇల్లు వెతికేవాళ్ళకి: గుమ్మం మీద అఫ్ఫీత్తసి అని ఉంటే "అద్దెకు ఇవ్వబడును". వేందెసి అంటే "అమ్మబడును". మన బోర్డుల్లో ఆ బడును ఉన్నట్టే అక్కడ సి. ఇల్లు అద్దెకిచ్చేవాడూ తీసుకునేవాడూ ఇద్దరూ అఫ్ఫిత్తారె అనే అంటారు, జాగ్రత్త. ఓస్పితె కూడా అంతే, అతిథీ వాడే, ఆతిథ్యమిచ్చేవాడూ వాడే.

బెజవాడ_బిర్యానీ
సాలి ఎ తబాక్కి అనే పాత బోర్డు చూసి సేల్ ఉందని లోపలికి వెళ్ళకండి. ఉప్పు, పొగాకు అని. ఒకప్పుడు అక్కడ ఉప్పు అమ్మే హక్కు ప్రభుత్వానిదే, అనుమతి ఉన్న ఈ కొట్లలోనే దొరికేది. ఇప్పుడు ఆ కొట్లలో బస్ టికెట్లు, పర్మిట్ కాగితాలకి అంటించే స్టాంపు అమ్ముతారు. డిస్కౌంటు సేల్ అంటే సాల్ది.

ఆవకాయ_జాడీ
పెళ్ళిలో కొన్ఫెత్తి ఇస్తే విసరకండి, తినండి. పంచదార పాకం పట్టిన బాదం పప్పులు, సాధారణంగా అయిదు కలిపి చిన్న సంచిలో కట్టి ఇస్తారు. సుల్మోనా అనే ఊరు వాటికి పేరు పొందింది. మనం కాన్ఫెట్టి అనే రంగు కాగితాల ముక్కల్ని వాళ్ళు కొరియాందొలి అంటారు, అంటే ధనియాలు! పూర్వం కార్నివాల్‌లో పంచదార పూత పూసిన ధనియాలు విసురుకునేవాళ్ళట. మన తలంబ్రాలు గుర్తొచ్చాయి నాకు.

ఎక్సెల్_షీటు
సరే, నేను రాజీకి వస్తున్నా. షీట్‌లో మూడో కాలమ్ పెట్టాను. ఇంగ్లీషు తీసేయలేదు, దొంగ స్నేహితులైతే ఆ గడికి ఎరుపు కొడుతున్నాను. తెలుగు కాలమ్‌లో మాటే కాకుండా మనం ఏ సందర్భంలో అంటామో అది. ఈ చర్చలోవన్నీ ఎక్కిస్తే ఎనభై తొమ్మిది వచ్చాయి. పాలకొల్లు గారికి పంపమంటే పంపుతా.

పాలకొల్లు_పాదోవా
పంపండి ప్లీజ్. నేనూ నోట్‌బుక్‌లో ఇంకో గీత కొట్టాను. ఈ రోజు పొద్దున మామ్మగారు మెట్ల మీద తాళాలు పడేసుకుని వెతుక్కుంటుంటే నాకు కనబడ్డాయి, తీసిస్తూ "ఎక్కో!" అన్నాను. ఆలోచించలేదు, ఇదిగో అన్నట్టే వచ్చేసింది. ఆవిడ "మేనో మాలె" అన్నారు. హమ్మయ్య అని వినబడింది నాకు, ఒట్టు. క్రిస్మస్ నాటి పరెంతి సంగతి కూడా అప్పుడే వివరంగా చెప్పేశాను. ఆవిడ నవ్వి ఫిగూరతి అన్నారు.

కొత్తగా_చేరా
అందరిదీ చదివాను, చాలా ఉపయోగపడింది. ఒక చిన్న డౌటు. స్తనొత్తె అంటే నా యాప్‌లో టునైట్ అని ఉంది. కానీ మా ఇంటి ఓనరు పొద్దున్నే "స్తనొత్తె నిద్ర పట్టలేదు" అంది. ఇంకా రాని రాత్రి నిద్ర పట్టకపోవడం ఏంటి?

గోదారి_గట్టు
గడిచిన రాత్రికీ అదే, రాబోయే రాత్రికీ అదే. క్రియ చూసి తెలుసుకోవాలి. మనం "రాత్రి నిద్ర పట్టలేదు" అంటాం, "రాత్రికి వస్తాను" అంటాం, "రాత్రి ఫోన్ చేశాడు", "రాత్రి ఫోన్ చేస్తాను" అంటాం. ఏ రాత్రో ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?

పాలకొల్లు_పాదోవా
రాసేసుకున్నా. స్తనొత్తె, రాత్రి.